తుపాను పోయినను తీగను నమ్మరాదు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. గాలి వేగము రెండింతలైనచో దాని తాకిడి నాలుగింతలగును. నానిన నేలలో కరెంటు స్తంభము పట్టు సడలును. చెట్టొకటి తీగలపై కూలెనా, వరుసగా నాలుగైదు స్తంభములు ఒరుగును.

సముద్రము దూరమని నిశ్చింతగా ఉండరాదు. 2020 అక్టోబరు 13న కాకినాడ వద్ద తీరము దాటిన వాయుగుండము ఆ రాత్రికే హైదరాబాదును ముంచినది. అక్కడ గాలికంటె నీరే శత్రువు. మునిగిన కాలనీలలో షాకు భయమున సరఫరా నిలుపవలసి వచ్చినది. హైటెక్ సిటీ కచేరీలకు డీజిల్ జనరేటర్లు గలవు.

జనరేటర్లు ఇప్పుడు గ్రామములకును వచ్చినవి. మంచిదే. కాని ఇంటి వైరింగును లైను నుండి విడదీయు ఛేంజోవర్ స్విచ్చి లేనిచో, జనరేటరు కరెంటు వెనుకకు పారి ట్రాన్స్‌ఫార్మరులో 11 వేల వోల్టులకు పెరుగును. సరఫరా లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ దానికి బలియగును. ఒకరి ఇంటి దీపమునకు వేరొకరి ప్రాణము పణమా?

తెగిపడిన తీగ చుట్టును తడి నేలలో కరెంటు వ్యాపించును. ముందుకాళ్లకు, వెనుకకాళ్లకు ఎడము ఎక్కువగుటచే పశువులకు మనకంటె ముప్పు హెచ్చు. కనుక వాటిని అటు పోనీయరాదు. గ్రామోద్యోగులు తీగవద్దకు ఎవరును రాకుండ దూరముగా కాపలా ఉంచి, వెంటనే 1912 నంబరుకు తెలుపవలెను. నీట మునిగిన మోటారును, స్టార్టరును ఆరబెట్టించి, మెకానికుచే పరీక్ష చేయించిన పిదపనే నడపవలెను.