కేతిగాడికి ఎన్ని భాషలొచ్చు?

తెల్లటి తెర, తెర మీద హీరో, హీరో రాగానే వాయిద్యాల మోత, మధ్యమధ్య నవ్వించడానికి ఒక హాస్యజంట... ఇదంతా సినిమావాళ్ళు కనిపెట్టిన ఫార్ములా అనుకుంటున్నారా? అయితే ఒకసారి ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకి వెళ్ళి చూడండి!

ఒకప్పుడు బంగారం తవ్విన రామగిరి కొండల మీద ఇప్పుడు గాలిమరలు తిరుగుతుంటాయి. అక్కడికి దగ్గర్లోదే ధర్మవరం మండలం. పట్టుచీరలకి పేరుపడ్డ ఆ మండలంలోదే నిమ్మలకుంట. తోలుబొమ్మలాట కళాకారుల ఊరు. ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో 'పద్మశ్రీ' వచ్చిందంటే ఆ బొమ్మల సత్తా ఏపాటిదో ఊహించుకోండి.

అసలు తమాషా అది కాదు. రాత్రంతా తెలుగులో రామాయణం ఆడే ఈ కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు కాదు... మరాఠీ! ఆరె మరాఠీ అంటారు దాన్ని. ఎప్పుడో తరాల కిందట మహారాష్ట్ర వైపు నుంచి దిగి వచ్చినవాళ్ళు. వాళ్ళ బంధువర్గాలే కర్ణాటకలో స్థిరపడి కన్నడంలో 'తొగలు గొంబెయాట' ఆడుతున్నారు. ఇంకా దక్షిణానికి పోయినవాళ్ళు తమిళంలో ఆడుతున్నారు. ఇంటి భాష ఒకటే, తెర మీది భాష మాత్రం ఏ ఊరికి ఆ ఊరిదే! డబ్బింగు ఆర్టిస్టు అక్కర్లేని బహుభాషా తారలన్నమాట.

ఇంతకీ ఈ ఆట ఎలా నడుస్తుంది? నాలుగైదు అడుగుల బొమ్మలు. మేకతోలును కాగితంలా పలచగా తీసి, సన్నసన్నటి చిల్లులు కొట్టి, రంగులద్ది, చేతులూ కాళ్ళూ విడిగా కుట్టి అతికిస్తారు. దీపం తెర వెనకాల ఉంటుంది, మన ప్రొజెక్టరుకి సరిగ్గా ఎదురువైపు! పూర్వం ఆముదపు దీపాలు, ఇప్పుడు కరెంటు బల్బులు. హార్మోనియం, మృదంగం, తాళాలు సరే. యుద్ధం రాగానే కాలికింది చెక్కపలకను ధనధనా తొక్కుతారు. అదే వాళ్ళ స్టీరియో సౌండు. అన్నట్టు, నాటకాల్లో మగవాళ్ళు చీర కట్టుకుని సీతగా నటించిన కాలంలో కూడా బొమ్మలాటలో సీతకి గొంతిచ్చింది ఆడవాళ్ళే.

పద్యాలకీ పాటలకీ ఆధారం ఉంది. రంగనాథ రామాయణం ద్విపదలు నోటికి వచ్చి ఉంటాయి. కాని మాటలకి? స్క్రిప్టు లేదు, ప్రాంప్టరు లేడు! పద్యం అయిపోగానే వచ్చే సంభాషణ అప్పటికప్పుడు పుట్టవలసిందే. ముఖ్యంగా కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి దూకారంటే రాముడూ రావణుడూ కాసేపు పక్కకి తప్పుకోవలసిందే. ఏ ఊళ్ళో ఆడుతున్నారో ఆ ఊరి కబుర్లు, కరువు, ఓట్లు, వడ్డీలు అన్నీ వాళ్ళ నోట్లో పడతాయి.

ఉదాహరణకి ఇలా అనుకోండి. "సంతకు పోయి ఏం తెచ్చినావే బంగారక్కా?" అంటాడు కేతిగాడు. "తేనీకి దుడ్డు యాడుందిరా?" అని విసురుకుంటుంది బంగారక్క. ఆ 'దుడ్డు' ఉంది చూశారూ... హిందూపురం, పెనుకొండల్లోనూ చెల్లుతుంది, సరిహద్దు దాటి కర్ణాటక పావగడలోనూ చెల్లుతుంది! ఎక్కడ ఏ మాట వేస్తే రెండు వైపులవాళ్ళూ నవ్వుతారో బొమ్మ పట్టుకున్న మనిషికి తెలిసి ఉండాలి. మూడు భాషలు వినే చెవి ఉన్నవాడికే ఆ సంగతి పట్టుబడుతుంది. ఆ హాస్యం కొంచెం మోటని ముక్కు విరిచే పెద్దలున్నారు. నిజమే, మోటే. కాని రేలంగి, గిరిజ జంట తెర మీదికి రాగానే హాలంతా ఎందుకు హుషారయ్యేదో తెలిసినవాళ్ళు ఈ జంటనీ తప్పుపట్టరు.

ఈ నేలకి భాషలు కలిపే అలవాటు పాతదే లెండి. 'ఆంధ్ర నాటక పితామహుడు' ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి ఇంటిపేరే చెప్తోందిగా! ఆయన సరస వినోదినీ సభ పెట్టి తెలుగు నాటకాలాడింది కన్నడం వినిపించే బళ్ళారిలో. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాలుగింటిలోనూ రంగస్థలం మీద నటించిన దిట్ట. 1939లో వచ్చిన 'రైతుబిడ్డ' సినిమాలో ఉన్నది ఆ రాఘవే.

ఇక పడమటి దేశాల సంగతి వినండి. పీటర్ బ్రూక్ అనే ఇంగ్లీషు దర్శకుడు 1972 చివర్లో రకరకాల దేశాల నటుల్ని వెంటేసుకుని ఆఫ్రికా పల్లెలకి బయల్దేరాడు. ఊరి మధ్యన ఒక తివాచీ పరవడం, దాని మీద అప్పటికప్పుడు తోచింది ఆడడం! నటులకీ ప్రేక్షకులకీ ఉమ్మడి భాష లేదు. ఆ బృందంలో జపాన్ నటుడు యోషి ఓయిడాతో పాటు, తర్వాత 'ది క్వీన్' చిత్రానికి ఆస్కార్ అందుకున్న హెలెన్ మిర్రెన్ కూడా ఉంది. అదే బ్రూక్ 1985లో సుమారు తొమ్మిది గంటల 'మహాభారతం' ఆడించాడు. అందులో ద్రౌపది మన మల్లికా సారాభాయ్. ప్రపంచమంతా ఆహా అంది. అనాల్సిందే. వానలు కురవకపోతే విరాటపర్వం కట్టించి తెల్లవార్లూ చూసిన మన పల్లెల్ని మాత్రం అంత గట్టిగా ఎవరూ మెచ్చుకోలేదు.

ఇప్పుడు ఆ తెల్లవార్లూ ఆటలు ఎక్కడివి? టూరింగు టాకీసు కొంత తిన్నది, టీవీ మిగిలింది తిన్నది, సెల్‌ఫోను వచ్చాక అడగనే అక్కర్లేదు. నిమ్మలకుంటలో ఈనాడు కడుపు నింపుతున్నవి తోలుతో చేసే లాంపుషేడ్లు, గోడకి తగిలించే బొమ్మలు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చేతికి పని దొరికింది, సంతోషం. కాని లాంపుషేడు మీద హనుమంతుణ్ణి చెక్కడానికి ద్విపద రానక్కర్లేదు, కన్నడం రానక్కర్లేదు, ఎదుటివాడి మాటకి తడుముకోకుండా జవాబివ్వడం అంతకన్నా అక్కర్లేదు. ఆ విద్య పుస్తకంలో దొరకదు. తండ్రి పక్కన, తల్లి పక్కన తెర వెనక కూర్చుని రాత్రిళ్ళు మేలుకుంటేనే వస్తుంది. ఆటే లేకపోతే పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?

అందుకే కుర్రకారుకి ఒక మాట. మీ కాలేజీ వార్షికోత్సవానికో, ఊరి జాతరకో ఆర్కెస్ట్రా మాట్లాడే ముందు ఒకసారి బొమ్మలాట వాళ్ళని అడిగి చూడండి. అరగంట ప్రదర్శన కాదు, పూర్తి ఆట అడగండి. మీ ఊరి సంగతులు నాలుగు ముందే వాళ్ళ చెవిన వేయండి. మీ ప్రిన్సిపాలు గారి గురించి కేతిగాడు ఏమంటాడో ముందు వరసలో కూర్చుని మీరే వినండి!