లోహాన్ని పసిగట్టే గుమ్మం

గండికోట ప్రధాన ద్వారం తలుపులు చెక్కవి. వాటికి ఇనుప రేకులు తాపడం చేసి, పైన మేకులు దిగగొట్టారు. ఏనుగు నుదుటితో కుమ్మితే గాయం దానికే తగలాలని ఆ ఏర్పాటు. ఉత్తరాన ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారే లోయ ఉండనే ఉంది. ఇంత కట్టుదిట్టం నడుమ మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి నిలిచాయి. అయినా 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే ఒక సంగతి రాసిపెట్టాడు: గుళ్లలోని రాగి విగ్రహాలను పోగుచేయించి, వాటితో ఫిరంగులు పోత పోయమని మీర్ జుమ్లా ఒక ఫ్రెంచివాడికి పురమాయించాడు. గండికోట గుడిలోని కొన్ని విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదట.

ఆ కాలంలో గుడికి కాపలా అంటే కోటగోడే. ఇప్పుడు గుడికైనా మసీదుకైనా గోడ అడ్డం పెట్టలేం. వేలమంది రావాలి, వచ్చేవాళ్లను ఆపకూడదు, ఆయుధాన్ని మాత్రం ఆపాలి. ఆ పని కోసం గుమ్మంలో నిలబెట్టిన యంత్రమే డోర్ ఫ్రేమ్ మెటల్ డిటెక్టర్.

దీని మూలం 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రంలో ఉంది. అయస్కాంత క్షేత్రం మారుతుంటే దగ్గరున్న లోహంలో విద్యుత్తు పుడుతుంది. డిటెక్టర్ పక్క పలకల్లో రాగి తీగచుట్టలు ఉంటాయి. వాటిలో కరెంటును సెకనుకు వందలసార్లు పంపి ఆపుతుంటే గుమ్మంలోని అయస్కాంత క్షేత్రం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. జేబులో తాళాలగుత్తి ఉన్న మనిషి అందులో నడిస్తే, పెన్న వరదలో సుళ్లు తిరిగినట్టు ఆ లోహంలో విద్యుత్తు సుళ్లు తిరుగుతుంది. వీటినే సుడి ప్రవాహాలంటారు. అవి తమవంతుగా చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. దాన్ని మరో తీగచుట్ట అందుకోగానే బీప్ మోగుతుంది. ఇప్పటి యంత్రాలు గుమ్మాన్ని పైనుంచి కిందికి మండలాలుగా విడదీసుకుని, లోహం నడుము దగ్గరుందో మడమ దగ్గరుందో పక్కనున్న దీపాలతో చూపిస్తాయి.

లోహాన్ని పసిగట్టే యంత్రాన్ని మొదట ఒక ప్రాణం నిలబెట్టడానికి వాడారు. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను ఒకడు తుపాకితో కాల్చాడు. తూటా ఒంట్లో ఎక్కడ ఉండిపోయిందో వైద్యులకు అంతు చిక్కలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ తీగచుట్టలతో ఒక పరికరం కట్టి తెచ్చాడు. బయట పరీక్షించినప్పుడు బాగానే పనిచేసింది. అధ్యక్షుడి మంచం దగ్గర మాత్రం గజిబిజి శబ్దాలు చేసింది, ఎందుకంటే పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి. అంతకన్నా విషాదం మరొకటి ఉంది. తూటా కుడివైపే ఉందని పట్టుబట్టిన ప్రధాన వైద్యుడు బెల్‌ను ఆ పక్కనే వెతకనిచ్చాడు. అది ఎడమవైపు ఉంది. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ కన్నుమూశాడు. ఈ యంత్రం చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ఘట్టం ఇదే. ఎక్కడ వెతకాలో, మోగితే ఏం చేయాలో నిర్ణయించేది మనిషే.

1920ల్లో జర్మనీలో కార్మికులు లోహపు సామాను పట్టుకెళ్లకుండా ఫ్యాక్టరీ గుమ్మాల్లో దీన్ని పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ ఇంజనీరు యూజెఫ్ కోసాట్‌స్కీ మందుపాతరలను వెతికే చేతి పరికరం తయారుచేశాడు. 1942లో ఎల్ అలమీన్ ఎడారిలో సైన్యానికి దారి చూపింది అదే. దానికి ఆయన పేటెంటు తీసుకోలేదు, బ్రిటిష్ సైన్యానికి ఉచితంగా ఇచ్చేశాడు. తర్వాత విమానాల హైజాకింగ్‌లు పెరిగాయి. 1973 జనవరి నుంచి అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికులందరికీ తనిఖీ తప్పనిసరైంది. గుమ్మం డిటెక్టర్ లోకమంతా పాకింది అప్పుడే.

మన దగ్గర దీని అవసరం నెత్తుటితో తెలిసొచ్చింది. 2007 మే 18, శుక్రవారం. హైదరాబాద్ మక్కా మసీదులో నమాజుకు వచ్చినవాళ్ల మధ్య బాంబు పేలి 9 మంది చనిపోయారు. అదే ఏడు ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబు పేలుళ్లకు 40 మందికి పైగా బలయ్యారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులను సైకిళ్లకు పెట్టారు. ఒకేసారి 100 మంది, అంతకు మించి చేరే చోట్ల రాకపోకలపై నియంత్రణ, సీసీ కెమెరాలు ఉండాలని ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది. ప్రార్థనా స్థలాలూ దాని కిందికి వస్తాయి.

అయితే ఈ యంత్రానికి తెలిసింది లోహం ఒక్కటే. పేలుడు పదార్థం వాసన దానికి తెలియదు. తాను పట్టింది నగో కత్తో కచ్చితంగా చెప్పడం దాని వల్ల కాదు. సంచుల్లోని సామానుకు ఎక్స్‌రే యంత్రం కావాలి, పేలుడు పదార్థాలకు జాగిలాలు కావాలి. తిరుమల వెళ్లేవాళ్ల వాహనాలనూ సామానునూ కొండ కింద అలిపిరిలోనే తనిఖీ చేయడంలో మేలు కూడా ఇదే: ప్రమాదాన్ని జనసందోహానికి దూరంగా ఆపవచ్చు. సైకిలు మీద బాంబు పెట్టే నడివీధిలో గుమ్మమే ఉండదు, డిటెక్టర్ ఏం చేస్తుంది?

మరో సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. కోట ద్వారం ఇరుకుగా, మలుపులతో ఉంటేనే గొప్ప, శత్రువు అక్కడ చిక్కుబడతాడు. గుడి ద్వారం అలా ఉంటే చిక్కుబడేది భక్తులే. 2015 జులై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట 27 మందిని బలిగొంది. అక్కడ ఏ ఉగ్రవాదీ లేడు. తనిఖీ గుమ్మం దగ్గర జనం గుట్టలుగా ఆగిపోతే, ఒక ముప్పును తప్పించబోయి ఇంకో ముప్పును తెచ్చుకున్నట్టే.

కనుక ఉత్సవాలు, తిరునాళ్లు, ఉరుసులు జరిపే పెద్దలకు నా విన్నపం. డిటెక్టర్ అద్దెకు తెచ్చి నిలబెట్టగానే పని అయిపోయిందనుకోకండి. ఇనుప బారికేడ్లను దానికి దూరంగా ఉంచండి, లేకపోతే బెల్‌కు పరుపు స్ప్రింగులు చేసిన మోసమే మీకూ జరుగుతుంది. జనానికి తగినన్ని గుమ్మాలు పెట్టండి. బయటికి పోయే దారులు వేరుగా, వెడల్పుగా, తాళం లేకుండా ఉంచండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే చెప్పుకునే వీలు కల్పించండి. ప్రతి గుమ్మం దగ్గరా చేతి డిటెక్టర్‌తో ఒక మగ, ఒక ఆడ సిబ్బంది ఉండాలి. బీప్ మోగిన ప్రతిసారీ వాళ్లు మర్యాదగా ఆపి చూడాలి. మోగుతున్నా ఎవరూ పట్టించుకోని డిటెక్టర్‌కు కరెంటు ఖర్చు కూడా దండగే.