సూర్యుడికన్నా సీనియర్లు!

వీకెండ్‌లో వికారాబాద్ వెళ్తే దారిలో కనిపించే నల్లరాయి ఒకప్పటి లావా. వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. తాండూరు వైపు వెళ్తే ఇంకా పాత సరుకు. మన ఇళ్లలో పరిచే ఆ బండలు డైనోసార్లు పుట్టకముందే సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. కానీ సూర్యుడే పుట్టకముందు నాటి రేణువులు కూడా ఉన్నాయి, తెలుసా?

1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌లో ఓ ఉల్క పడింది. దాన్ని పొడి చేసి (పాడైన పీనట్ బటర్ వాసన కొడుతుందట!) యాసిడ్‌లో కరిగిస్తే సిలికాన్ కార్బైడ్ రేణువులు మిగిలాయి. అవి చనిపోతున్న నక్షత్రాలు వదిలిన ధూళి.

మరి వయసెలా తెలిసింది? రాళ్లకు వాడే యురేనియం లెక్క ఇంత చిన్న రేణువులకు కుదరదు. షికాగో ఫీల్డ్ మ్యూజియంలోని ఫిలిప్ హెక్ బృందం నియాన్-21ని కొలిచింది. అంతరిక్షంలో కాస్మిక్ కిరణాలు తగిలేకొద్దీ రేణువులో ఇది పెరుగుతుంది. చొక్కా ఎంత వెలిసిందో చూసి ఎన్నాళ్లు ఎండలో ఉందో చెప్పడం లాంటిదే.

2020లో 40 రేణువుల లెక్క బయటికొచ్చింది. సూర్యుడికి 460 కోట్ల ఏళ్లు. అన్నిటికన్నా పాత రేణువు అంతకు ఇంకో 300 కోట్ల ఏళ్లు ముందుది. ఎర్రర్ మాత్రం అటూ ఇటూ 200 కోట్లు! ఇలాంటి రిపోర్ట్ ఇస్తే మా టీమ్ లీడ్ ఊరుకోడు. కానీ 200 తీసేసినా అది సూర్యుడికన్నా పెద్దదే కదా.

నాకైతే మిగతావే ఇంట్రెస్టింగ్. ఎక్కువ రేణువులు సూర్యుడికి ముందు 30 కోట్ల ఏళ్లలోపువే. సుమారు 700 కోట్ల ఏళ్ల కిందట మన గెలాక్సీలో నక్షత్రాలు జోరుగా పుట్టాయని, వాటి ఆయువు తీరేటప్పుడు ఈ ధూళి వచ్చిందని హెక్ బృందం అంటోంది.