ధనుర్మాసమున మదరాసు

సెలవులలో మహానగరములకు పోవువారు సాధారణముగా కట్టడములను చూచి, బజారులలో నాలుగు వస్తువులు కొని, అలసి తిరిగివత్తురు. నగరమును చూచుట వేరు. నగరవాసులు దేనివలన ఆనందించుచున్నారో దానిలో పాలుపంచుకొనుట వేరు. ఈ రెండవ కోరిక గల తెలుగువారికి డిసెంబరు, జనవరి మాసములలో చెన్నపట్టణము కంటె తగిన తావు అరుదు.

ధనుర్మాసమున ఆ నగరము తెల్లవారకముందే మేలుకొనును. మైలాపూరు కపాలీశ్వరాలయము చుట్టునున్న మాడవీథులలో భజన సాగును. పాపనాశం శివన్ అనేక సంవత్సరములు ఈ భజనగోష్ఠికి ముందు నడిచెను. పొద్దెక్కిన పిమ్మట సభల వంతు. 1927లో మదరాసున జరిగిన కాంగ్రెసు మహాసభతోపాటు ఒక సంగీత పరిషత్తు సమావేశమయ్యెను. దాని ఫలితముగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలసెను. నేడు ఈ ఋతువున నగరమంతట ఎన్నో సభలలో ఉదయము మొదలు రాత్రివరకు కచేరీలు జరుగుచుండును. ప్రసిద్ధ విద్వాంసుల సాయంకాలపు కచేరీలకు టిక్కెట్టు దొరకుట కష్టమే కాని, పగటిపూట యువగాయకుల పాటను పలుచోట్ల ఉచితముగా వినవచ్చును. గాయకుడు ఆలాపన నెత్తుకొన్నంతనే రాగము పేరు ప్రక్కవాని చెవిలో చెప్పువారును, తొడపై తాళము వేయు వృద్ధులును, చిన్న పుస్తకములో కృతుల పట్టిక వ్రాసికొను గృహిణులును అచ్చట కనబడుదురు. వారి నడుమ కూర్చుండుటయే ఒక విద్య.

చెవికి విందు ముగియకముందే ముక్కునకు పిలుపు వచ్చును. సభాప్రాంగణములలోని ఫలహారశాలలకు కచేరీలతో సమానమైన కీర్తి కలదు. అరటియాకులో వేడి పొంగలి, కరకరలాడు వడ, రవదోసె, డబరా గ్లాసులో నురుగులెత్తు కాఫీ - వీనికొరకే వచ్చువారును లేకపోలేదు. మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనము మొదలిడగనే కొందరు శ్రోతలు లేచి ఫలహారశాల దారి పట్టుదురు. పాపము, ఆ విద్వాంసులకు ఇది చిరకాలపు మనస్తాపము!

సభల వెలుపల తినగోరువారు తిరువల్లిక్కేణిలో 1948లో వెలసిన రత్నా కేఫునకు పోయి, సాంబారులో మునిగిన ఇడ్డెనలు ఆరగింపవచ్చును. అచ్చటికి చేరువనే చేపాకు క్రికెట్టు మైదానము కలదు. సంక్రాంతి దినములలో అచ్చట టెస్టు పందెము జరుగుట ఒకప్పటి ఆచారము. నేడది నియతముగా లేదు. 1934లో అచ్చట జరిగిన మొదటి టెస్టులో భారత జట్టుకు నాయకుడు తెలుగు కుటుంబమువాడైన సి.కె. నాయుడు. 1952లో ఇంగ్లండుపై భారతదేశమునకు తొలి టెస్టు విజయము లభించినదియు అచ్చటనే. అయినను చేపాకు కీర్తికి మూలము ఒక పరాజయము. 1999 జనవరిలో టెండూల్కర్ 136 పరుగులు చేసియు గెలిపింపలేకపోగా, పాకిస్తాను 12 పరుగుల తేడాతో నెగ్గెను. తమవారు ఓడిన ఆ గడియలో ప్రేక్షకులు లేచి నిలిచి, మైదానము చుట్టివచ్చిన పాకిస్తాను ఆటగాండ్రకు చప్పట్లు కొట్టిరి. ఎవరిదని చూడక గుణమును మెచ్చుట ఆ నగరపు రసజ్ఞత.

ఈ రసజ్ఞతయే సభలలో మన భాషకు పీట వేసినది. త్యాగరాజు (1767-1847), శ్యామశాస్త్రి, క్షేత్రయ్యల తెలుగు పదములు తెలుగు మాటలాడని శ్రోతల నడుమ ప్రతిదినము మ్రోగుచున్నవి. తమ పాటలను కచేరీ చివర చిన్న తుకడాలుగా మాత్రమే పాడుచున్నారని తమిళులు వేదనపడి, 1943లో తమిళ ఇసై సంఘమును స్థాపించుకొనిరి. ఆ వేదన న్యాయమైనది. సొంతయింట తమ భాషకు చోటడుగవలసి వచ్చిన ఆ జనము అతిథి భాషను మాత్రము గెంటివేయలేదు.

కనుక అచ్చటికి పోయిన తెలుగువాడు ఆ గౌరవమును చూచి పొంగిపోవుట చాలదు. రాగము గుర్తించుటలో ప్రక్కనున్న వృద్ధుడు అతనికంటె ఘనుడు కావచ్చును. కాని త్యాగయ్య ఎచ్చట వేడుకొనుచున్నాడో, ఎచ్చట నిష్ఠురమాడుచున్నాడో మొదట తెలియవలసినది అతనికే. అదియు తెలియనిచో ఆ సభలో అతని భాష ఉన్నదేకాని అతడు లేడు. పోవుటకు ముందు పది కృతులకైనను అర్థము చదువుకొని పోవుట మేలు. తిరిగివచ్చిన పిమ్మట తన ఊరి సంగీతసభలో ఖాళీగానున్న ఒక కుర్చీని నింపినచో ఆ సెలవు మరింత సార్థకమగును.