పనినుండి వచ్చిన తరువాత

విజయనగరమునుండి పలాస వైపు పోవు రైలుదారిలో గరివిడి కలదు. ఆ ప్రాంతపు కోడూరులో 1892 నాటికే మాంగనీసు త్రవ్వకము మొదలయినది. మన దేశమున ఆ ఖనిజపు పనికి అదియే నాంది. 1950వ దశకమున గరివిడి చెంత శ్రీరామనగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారము వెలసినది. పొలము పనికి పోయిన తల్లి, బిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యెలలో పండుకొనబెట్టి, నడుమనడుమ వచ్చి చూచుకొనగలదు. గనిలో ఆ వీలు లేకపోయెను. కొలిమికి గడియారమే యజమాని.

ఈ ఇబ్బందిని చట్టము గుర్తింపకపోలేదు. స్త్రీలు పనిచేయు గనులలో ఆరేండ్లలోపు బిడ్డలకు ప్రత్యేకముగ గదులుండునట్లు నియమములు చేయుటకు 1952 నాటి గనుల చట్టము వీలు కల్పించినది. 1966లో గనుల శిశుసదన నియమములు వచ్చినవి. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకముతో అంగన్‌వాడీలు పుట్టినవి. నీడయు, తిండియు, టీకాయు ప్రభుత్వము ఏర్పరుపగలదు. కాని చీకటిపడువేళ అలసివచ్చిన తల్లిదండ్రులు బిడ్డతో ఏ గొంతున మాటలాడుదురో, అది ఏ నియమమునకు అందును?

ఆ వేళకు బిడ్డయు అలసియుండును. తల్లి కొంగు పట్టి లాగును, చెంబు దొర్లించును, చోడి అంబలి వద్దని మొగము త్రిప్పును. "బూచోడొస్తన్నాడు" అని బెదరించుటయు, వీపున ఒకటి చరచుటయు తక్షణము పనిచేయును. అందువలననే అవి ఇన్ని తరములు నిలిచినవి. అయితే బెదరిన బిడ్డ నోరు మూసికొనుట నేర్చునేగాని అంబలి త్రాగుట నేర్వడు. మరునాటికి మరింత పెద్ద బూచి కావలెను. "మొక్కై వంగనిది మానై వంగునా" అనుచు బెత్తమును సమర్థించు పెద్దలు ఏ తోటమాలియు మొక్కను కొట్టి వంచడని మరతురు. అతడు మెత్తని నారతో, వదులుగా, కొద్దికొద్దిగా కట్టును.

కొంగు లాగు బిడ్డకు కావలసినది చాలమార్లు తల్లి మొగమే. పొయ్యి రాజేయకముందే అయిదు నిమిషములు నేలపై కూర్చుండి, బిడ్డ కంటికి ఎదురుగా, "ఏటి నాయినా, ఏటి సేసినావు ఇయ్యాల?" అని అడిగి, చెప్పినదెల్ల ఊకొట్టి వినినచో, తరువాతి పని తరచుగా సులభమగును. అలసిన దేహమునకు ఆ అయిదు నిమిషములు బరువే. అయినను, అరపులతో గడచు అరగంట అంతకన్న బరువు.

మాట కూర్పులోను నేర్పు కలదు. "ఒలకబొయ్యకు" అనిన, ఏది కూడదో తెలియును; ఏమి చేయవలెనో తెలియదు. "రెండు సేతుల్తో పట్టుకో" అనిన తెలియును. తెచ్చి ఇచ్చినప్పుడు "ఒక్క సుక్క ఒలకనేదే!" అని చేసిన పనినే మెచ్చుకొనవలెను. "బంగారుకొండ" అనుటలో ముద్దున్నది. కాని తానేమి చక్కగా చేసెనో దానివలన బిడ్డకు తెలియదు. నాన్న షిఫ్టుకు పోయినాడని ఏడ్చువానిని "మగపిల్లడివి, ఏడవకు" అని కసరుట మన ఇండ్ల అలవాటు. "నాన్న ఎల్పోనాడని బెంగెట్టుకున్నావా?" అనిన, తన దుఃఖమునకొక పేరున్నదని వానికి తెలియును. పేరు తెలిసిన దుఃఖము మాటలలోనికి వచ్చును.

ఇది క్రొత్త విద్య కాదు. ముద్ద ముద్దకు చందమామను చూపి, ఊకొట్టించుచు కథ చెప్పిన అవ్వ బిడ్డ మొగము చూచియే కథను పెంచెడిది, తగ్గించెడిది. బిడ్డ చూపునకు, కూతకు తగినట్లు పెద్దలు బదులు పలుకుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పెంపకమునకు కావలసిన అయిదు అంగములలో ఒకటిగా చేర్చినది. అవ్వ స్థానమును నేడు సెల్‌ఫోను ఆక్రమించుచున్నది. రెండేండ్లు నిండనివారికి తెర తగదనియు, నాలుగేండ్ల వరకు దినమునకు గంట మించరాదనియు ఆ సంస్థయే 2019లో సూచించినది. ఫోను కథ చెప్పును. ఎదుటి బిడ్డ ఊకొట్టెనా లేదా అని చూడదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ప్రసిద్ధులయిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆ కాలపు యంత్రము ముందు పిల్లలను వినువారిగానే కూర్చుండబెట్టక, వారిచేతనే మాటలాడించి, పాడించిరి. యంత్రమును వాడుటలో ఆ తేడా గమనింపదగినది.

ఇంత చెప్పినను, విసుగు రాక మానదు. ఏదో ఒకనాడు చేయి లేవనే లేచును. అట్టినాడు కొంతసేపటికి బిడ్డను దగ్గరకు తీసికొని "కసిరినాను, తప్పయిపోనాది" అనుటకు పెద్దరికము అడ్డు వచ్చుచుండును. ఆ మాట విన్న పిల్లలే తమ తప్పును దాచక చెప్పుదురు.

తండ్రులు ఈ పనినుండి తప్పించుకొనుటకు షిఫ్టు మంచి సాకు. కాని రాత్రి షిఫ్టు ముగించి వచ్చువానికి ఉదయమే సాయంకాలము. తాను నిద్రపోవుటకు ముందు బిడ్డకు నీళ్ళుపోయు పదినిమిషములు ఆతనివి కావచ్చును. "ఇది సెయ్యి, ఇది మోసెయ్యి" అని పేర్లు చెప్పుచు పోసిన చాలును. బిడ్డ తిరిగి చెప్పునప్పుడు తప్పులు దిద్దనక్కరలేదు.