ఇరవయ్యొకటి ఆటలో కిటుకు

మన ఇళ్ళలో పేకాటంటే రమ్మీయే. లాస్ వేగాస్ చూసొచ్చిన పిల్లలు మాత్రం నన్ను బ్లాక్‌జాక్ గురించి అడుగుతారు. నెవాడాలో 21 ఏళ్ళు నిండనిదే కాసినోలో ఆడకూడదు. ఇంట్లో లెక్కల ఆటగా నేర్చుకోవచ్చు.

2 నుంచి 10 దాకా ముక్క మీది అంకే దాని విలువ. జాకీ, రాణి, రాజులకు పదేసి. ఆసు 1 గానీ 11 గానీ. ఆటగాడికి రెండు ముక్కలు, పంచేవారికి రెండు. పంచేవారి ముక్కల్లో ఒకటే పైకి కనిపిస్తుంది. 21 దాటకుండా వారికంటే ఎక్కువ తెచ్చుకుంటే గెలుపు. ఇంకో ముక్క కావాలంటే ‘హిట్’, చాలనుకుంటే ‘స్టాండ్’. పంచేవారు 16 దాకా ముక్క తీయాల్సిందే. సాధారణంగా 17 వస్తే ఆగాలి. మొదటి రెండు ముక్కలే ఆసు, పది అయితే అది బ్లాక్‌జాక్.

మరి కాసినోకు లాభమెక్కడ? ముందు ఆడేది మనం. 21 దాటామా, పందెం అప్పుడే పోతుంది. తర్వాత పంచేవారు దాటినా తిరిగిరాదు. ఆసు లేని 16 మీద ముక్క తీస్తే, 13 రకాల్లో 8 రకాలు మనల్ని ముంచేవే.

ఇంట్లో ఆడేటప్పుడు ఆటగాడు ఓడినా పంచేవారిని ఆట పూర్తి చేయమంటాను. ఇద్దరూ 21 దాటిన ప్రతిసారీ ఒక శనగగింజ పక్కన పెట్టించండి. కాసినో లాభానికి మూలం ఆ కుప్పే అని పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.