గాలిలో గాలిమూట

ఏటిలో పడవ నడుపువాడు దాహమునకై ఇంటినుండి నీటికుండ మోసికొనిపోయినచో చూచువారు నవ్వుదురు. రాకెట్టు చేయు పని యించుమించు అట్టిదే. చుట్టును గాలి యుండగా, ఇంధనమును మండించుటకు వలయు ప్రాణవాయువును అది తన కడుపులోనే నింపుకొని లేచును. ఉదజనితో నడచు రాకెట్టులో ఇంధనము ఒక పాలైనచో ప్రాణవాయువు బరువు సుమారు ఆరు పాళ్లు!

మిన్నున గాలి యెక్కడిదని విద్యార్థులు అడుగవచ్చును. నిజమే, కాని తొలి పాతిక కిలోమీటర్ల వరకైన దానిని వాడుకొనరాదా? బ్రిటిష్ ఇంజనీరు ఆలన్ బాండ్‌ను దశాబ్దముల తరబడి వెన్నాడిన ప్రశ్న యిదియే. 1980 దశకమున ఆయన ఊహించిన యంత్రము ఆధారముగా 'హోటోల్' అను వ్యోమవిమానమునకు రూపకల్పన జరిగెను. ప్రభుత్వము ధనసహాయము నిలిపివేయగా అది కాగితముపైననే మిగిలెను. పైగా ఆ యంత్ర రచనను రహస్యముగా ప్రకటించిరి. కనిపెట్టినవాడే దానిని వాడుకొనజాలని విచిత్రస్థితి! 1989లో ఆయన ఇద్దరు సహచరులతో 'రియాక్షన్ ఇంజిన్స్' సంస్థను స్థాపించి, 'సేబర్' అను మరియొక యంత్రమునకు పూనుకొనెను. దానిని అమర్చదలచిన 'స్కైలాన్' విమానము పరుగుబాటపై లేచి, ధ్వనికి అయిదు రెట్లు మించిన వేగము వరకు గాలిని పీల్చి, పిమ్మట ఆ ద్వారము మూసికొని రాకెట్టుగా కక్ష్య చేరి, తిరిగివచ్చి బాటపైననే దిగవలెను. దారిలో పారవేయవలసినది ఏదియు లేదు.

చిక్కంతయు వేడిమిలో నున్నది. అంత వేగమున లోనికి దూసికొనివచ్చు గాలి నొక్కుకొని 1000 సెంటీగ్రేడు డిగ్రీలకు కాగును. దానిని సెకనులో నూరవ వంతున మైనస్ 150 డిగ్రీలకు చల్లార్చవలెనని సంకల్పము. రెప్పపాటుకు సైతము అంతకంటె ఎక్కువ కాలము పట్టును. అందులకై మిల్లీమీటరు వెడల్పు గల సన్నని గొట్టములను వేలకొలది చుట్టలుగా పేర్చి, వానిలో చల్లని హీలియమును పారించిరి. గొట్టపు గోడలు తలవెండ్రుక కంటె పలుచన. వేడి తగ్గెననగా మంచు దాపురించెను: గాలిలోని తేమ గొట్టములపై గడ్డకట్టి దారి మూసివేయును. ఏండ్ల తరబడి ఆ మంచుతోనే పోరు. 2012లో జరిపిన పరీక్షలలో అదియు లొంగెను. మెథనాలును చిలుకరించుటయే ఆ కిటుకని పిదప వెల్లడించిరి.

2019లో అమెరికాలోని కొలరాడోలో, పాతకాలపు యుద్ధవిమానపు ఇంజను వదలు 1000 డిగ్రీల వేడిగాలిని ఆ శీతలయంత్రముపైకి పంపిరి. తట్టుకొనెను. అయిదేండ్లకు, 2024 అక్టోబరు 31న, పెట్టుబడి సమకూరక సంస్థ మూతబడెను. పనివారిలో అత్యధికులకు కొలువులు పోయినవి. గాలిని చల్లార్చు భాగము సిద్ధమైనది. దాని వెనుక నిలువవలసిన పూర్తి యంత్రము మాత్రము ఒక్కమారైనను మండలేదు.